కోలాను వెతికేవాళ్ళు ముందు చెట్టును గుర్తుపట్టాలి

ఆస్ట్రేలియా ప్రయాణం ఖాయం కాగానే, అక్కడి యూకలిప్టస్ చెట్ల మీద బతికే బొద్దు జంతువులైన కోలాల గురించి మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఎత్తుకుని ఫోటో దిగడం ఏ ఊళ్ళో కుదురుతుంది?" కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో మెల్‌బోర్న్ వెళ్తున్న అమ్మానాన్నలైనా, సెలవుల్లో పిల్లల్ని తిప్పుకొద్దామనుకునే వాళ్ళైనా ఇదే అడుగుతారు.

సూటిగా చెప్పాలంటే విక్టోరియాలో, న్యూ సౌత్ వేల్స్‌లో కోలాను సందర్శకుల చేతికివ్వడం నిషిద్ధం. క్వీన్స్‌లాండ్‌లో అనుమతి ఉంది గానీ ఒక కోలాతో రోజుకు 30 నిమిషాలకు మించి ఈ పని చేయించకూడదు. వరసగా మూడు రోజులు చేయిస్తే నాలుగో రోజు సెలవివ్వాలి. బ్రిస్బేన్‌లో 1927 నుంచి నడుస్తున్న లోన్ పైన్ అభయారణ్యం ఈ ఫోటోలకే పేరుపొందింది. 2024లో అది కూడా కోలాను చేతికివ్వడం ఆపేసింది. తొంభై ఏళ్ళకు పైగా ఆ ఫోటోలతోనే పేరు తెచ్చుకున్న సంస్థ తనంతట తాను మానుకుందంటే, ఆ సరదాకు కాలం చెల్లుతోందనే నా నమ్మకం.

అసలు ఆ ప్రశ్నే మార్చుకోవాలంటాను. "కోలా ఏ చెట్టు మీద ఉంటుంది?" అని అడగాలి. దానికి జవాబు తెలిసినవాళ్ళకు అడవిలో కోలా కనబడే అవకాశం చాలా పెరుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా, కనబడ్డాక తాము చూస్తున్నదేమిటో అర్థమవుతుంది.

ఈ విషయంలో తెలుగువాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది. ఖమ్మం, భద్రాచలం వైపు గానీ ప్రకాశం, నెల్లూరు వైపు గానీ వెళ్ళినవాళ్ళకు జామాయిల్ తోటలు కొత్త కాదు. కాగితం మిల్లుల కోసం పెంచే ఆ తోటల్లో ఎక్కువగా ఉండేవి యూకలిప్టస్ టెరెటికార్నిస్, యూకలిప్టస్ కమల్డ్యులెన్సిస్, వాటి క్లోన్లు. మొదటిదాన్ని ఆస్ట్రేలియాలో ఫారెస్ట్ రెడ్ గమ్ అంటారు. క్వీన్స్‌లాండ్ కోలాలకు అతి ముఖ్యమైన మేతచెట్లలో అదొకటి. రెండోది రివర్ రెడ్ గమ్, దక్షిణాన ఏటిగట్ల మీద కోలాలు కాపురముండే చెట్టు. ఆకును నలిపి వాసన చూస్తే వెంటనే గుర్తుపడతారు. ఆకారం చూసి మాత్రం మోసపోతారు. మన దగ్గర నాలుగైదేళ్ళకే నరికేసే సన్నటి కర్రలు అక్కడ వందల ఏళ్ళు బతికి, నలుగురు చేతులు కలిపినా అందనంత లావై, తొర్రలు పడి నిలబడి ఉంటాయి.

ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ జాతులు ఏడెనిమిది వందలుంటే, ఒక ప్రాంతపు కోలాలు ఇష్టంగా తినేవి గట్టిగా నాలుగైదు. ఆ ఆకులో మాంసకృత్తులు తక్కువ, విషపదార్థాలు ఎక్కువ. దాన్ని అరిగించుకోవడానికి కోలా పొట్టలో దాదాపు రెండు మీటర్ల పొడవుండే సీకం అనే పేగు, అందులో ప్రత్యేకమైన సూక్ష్మజీవులు ఉంటాయి. రోజుకు అరకిలో నుంచి కిలో దాకా ఆకు తిని, 18 నుంచి 20 గంటలు కదలకుండా పడుకుంటుంది. అది బద్ధకం కాదు. వచ్చే శక్తి అంతే, ఖర్చు కూడా అందుకు తగ్గట్టే. అందుకే అది మంచి నేల మీద, నీళ్ళకు దగ్గరగా పెరిగిన చెట్లను ఏరుకుంటుంది. ఆ ఆకులో తేమ, పోషకాలు కాస్త ఎక్కువ. రాళ్ళ గుట్ట మీద అదే జాతి చెట్లు వంద ఉన్నా, కింద వాగు ఒడ్డునున్న పదింటి మీదే కోలాలు దొరుకుతాయి. రైతు పొలానికీ, బిల్డరు లేఅవుట్‌కీ కూడా ఆ వాగు ఒడ్డు నేలే కావాలి. కోలాల కష్టాలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

ఎలా వెతకాలి

మొదటి పని, వెళ్ళేచోట కోలాలు తినే చెట్టేదో తెలుసుకోవడం. విక్టోరియాలో మన్నా గమ్, స్వాంప్ గమ్, రివర్ రెడ్ గమ్, బ్లూ గమ్. బ్రిస్బేన్ చుట్టుపక్కల ఫారెస్ట్ రెడ్ గమ్, టాలోవుడ్. న్యూ సౌత్ వేల్స్ కోస్తాలో స్వాంప్ మహాగనీ, గ్రే గమ్. వీటిలో మన్నా గమ్‌ను గుర్తుపట్టడం సులువు. మొదట్లో బెరడు గరుకుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ నున్నగా, తెల్లగా మారుతుంది. ఊడిన బెరడు పొడవాటి పేలికల్లా కొమ్మలకు వేలాడుతూ ఉంటుంది.

రెండో పని, తలెత్తకుండా నేల చూడడం. ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. కారు దిగగానే మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తూ నడుస్తారు, పావుగంటకు మెడ నొప్పెట్టి "ఇక్కడేమీ లేవు" అని తేల్చేస్తారు. కోలా చెట్టు మొదట్లో రెట్టలు ఉంటాయి. ఒక్కొక్కటి ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్ల పొడవు, రెండు కొనలూ గుండ్రం, పొడవునా సన్నటి గాట్లు. గట్టిగా ఉంటాయి, విరిస్తే లోపల మెత్తటి ఆకు పీచు, జామాయిల్ వాసన. తాజావైతే ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, పాతబడేకొద్దీ గోధుమరంగుకు తిరిగి వాసన పోతుంది. పోసమ్ అనే మరో చెట్టుజంతువు రెట్టలు చూసి పొరబడేవాళ్ళుంటారు. అవి ఆకారం కుదరకుండా, కొనలు సన్నగా ఉంటాయి, గాట్లుండవు. పచ్చటివి పదీ ఇరవై ఒకేచోట పడి ఉంటే ఆ చెట్టు దగ్గర ఆగిపోవాలి.

తర్వాత మాను మీద గోళ్ళ గుర్తులు. నున్నటి బెరడున్న చెట్లమీదే ఇవి స్పష్టంగా కనబడతాయి, గ్రే గమ్ మీద మరీ బాగా. పోసమ్‌లూ గోవానా అనే పెద్ద ఉడుములూ కూడా చెట్లెక్కుతాయి కాబట్టి, గీతలు చూసి మాత్రమే నిర్ణయానికి రాకూడదు. గీతలూ తాజా రెట్టలూ రెండూ ఉంటే నమ్మకంగా పైకి చూడొచ్చు.

పైకి చూడడానికీ ఒక పద్ధతుంది. మానుకు ఆనుకున్నట్టు నిలబడి నిట్టనిలువుగా ఒకసారి చూసి, తర్వాత పది పదిహేను మీటర్లు దూరం జరిగి చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. ఆకుల్లో వెతకడం దండగ. కొమ్మ చీలే పంగల్లో వెతకాలి, కోలా పిరుదులు ఇరుక్కునేది అక్కడే. దాని వెనకభాగంలో తెల్లటి మచ్చలుంటాయి, అవి వెలుతురున్న ఆకాశంలో కలిసిపోతాయి. కింద నుంచి చూసేవాడికి ఎదురెండలో అది కనబడకపోవడానికి కారణమదే. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని చూస్తే, కనబడనిది అదే కొమ్మ మీద కనబడుతుంది. చెట్టు మీది చెదపుట్టలు, బదనిక గుబుర్లు ప్రతివాళ్ళనూ మోసం చేస్తాయి. బదనిక ఆకులు కిందికి వేలాడతాయి, చెదపుట్ట మానును కరుచుకుని ఉంటుంది. గాలికి కొమ్మతోపాటు ఊగుతూ, బూడిదరంగులో, ఒక చెవి అంచున కుచ్చులా వెంట్రుకలు కనబడితే అదే కోలా. 8×42 బైనాక్యులర్స్ చాలు. ఫోన్ జూమ్‌తో వెతకడం కుదరదు. కనబడ్డాక ఫోటోకు మాత్రమే అది పనికొస్తుంది.

వాతావరణాన్ని బట్టి చోటు మారుతుంది. చలిగా ఉంటే పైకొమ్మల్లో బంతిలా ముడుచుకుంటుంది. ఎండ మండిపోతుంటే కిందికి దిగి, కాళ్ళూ చేతులూ వేలాడేసి మానును కావలించుకుంటుంది. మాను గాలికన్నా చల్లగా ఉంటుంది కాబట్టి. 2014లో విక్టోరియాలో చేసిన ఒక పరిశోధనలో అక్కడి తుమ్మజాతి చెట్ల మానులు గాలికన్నా 5 డిగ్రీలు, ఆపైన కూడా చల్లగా ఉన్నట్టు తేలింది. కోలాలు తినని చెట్లవి. అంటే డిసెంబరు, జనవరిలో వెళ్ళినవాళ్ళు మేతచెట్లనే కాక పక్కనున్న నీడచెట్ల కిందికొమ్మలనూ చూడాలి. మండుటెండలో మధ్యాహ్నం నడవడం కన్నా పొద్దున్నే వెళ్ళడం మేలు. పిల్లను వీపుమీద మోసే తల్లిని చూడాలంటే ఆగస్టు నుంచి నవంబరు దాకా మంచి కాలం. పిల్ల ఆరు నెలలు సంచిలో ఉండి అప్పటికి బయటికొస్తుంది.

సెప్టెంబరు నుంచి మార్చి దాకా జత కట్టే కాలం. రాత్రిళ్ళు మగ కోలా అరుపు వింటే ఈ చిన్న జంతువుదంటే నమ్మలేం, కిక్ కొట్టీ కొట్టీ స్టార్ట్ కాని పాత బుల్లెట్ బండిలా ఉంటుంది. మామూలు స్వరతంత్రులు కాక గొంతులో మరో జత మడతలుండడమే అంత బొంగురుకు కారణమని 2013లో కనిపెట్టారు. క్యాంపులో దిగినవాళ్ళు రాత్రి అరుపు ఏ దిక్కునుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుంటే తెల్లారి వెతుకులాట సగం తగ్గుతుంది.

సులువుగా కనబడే చోట్లు

పైన చెప్పిన కష్టమంతా అక్కర్లేకుండా గంటలో పది కోలాలు కనబడే చోట్లున్నాయి. అవెందుకలా ఉన్నాయో తెలియకుండా పోయి చూసి రావడం నాకు నచ్చదు.

తోళ్ళ వ్యాపారం దక్షిణ రాష్ట్రాల కోలాలను దాదాపు తుడిచిపెట్టేసింది. 1927 ఆగస్టులో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం వేటకు అనుమతిస్తే ఒక్క నెలలో దాదాపు 6 లక్షల కోలాలను చంపారు. జనం ఆగ్రహించడంతో అక్కడ అదే చివరి వేట అయింది. ఈలోగా విక్టోరియాలోని ఫ్రెంచ్ ఐలండ్‌కు పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఎవరో తీసుకెళ్ళిన కొద్ది కోలాలు అక్కడ వందలుగా పెరిగాయి. వాటినీ, వాటి సంతతినీ పట్టి దశాబ్దాల పాటు ఇతర చోట్ల వదిలారు. 1920లలో కంగారూ ఐలండ్‌కు చేరినవి 18. రేమండ్ ఐలండ్‌కు 1953లో చేరాయి. కేప్ ఓట్వేకు 1980ల మొదట్లో. ఈరోజు యాత్రికులు "అడవి కోలాలు" అని చూసేవాటిలో చాలా భాగం ఇలా మనుషులు తెచ్చి వదిలిన వాటి వారసులు.

వేటాడేవాళ్ళు లేరు, వలస పోయే దారీ లేదు, మేత మాత్రం ఉంది. కేప్ ఓట్వేలో మన్నా గమ్ అడవిలో హెక్టారుకు పదికి పైగా చేరాయి. చెట్లు ఆకు లేక ఎండిపోయాయి, ఆ తర్వాత కోలాలు ఆకలితో చచ్చాయి. 2013-14లో విక్టోరియా అధికారులు బతకలేని స్థితిలో ఉన్న దాదాపు 700 కోలాలకు ఇంజెక్షన్ ఇచ్చి చంపాల్సొచ్చింది. పక్కనే మెస్‌మేట్ అనే మరో యూకలిప్టస్ అడవి పచ్చగా ఉంది. అయినా మన్నా గమ్‌కు అలవాటుపడిన పొట్టలోని సూక్ష్మజీవులు ఆ ఆకును అరిగించలేవు కాబట్టి చాలా కోలాలు దాన్ని ముట్టలేదు. చెట్టును చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే. మోడుగా మారిన మన్నా గమ్‌ల మధ్య పది కోలాలు కనబడితే యాత్రికుడికి పండగలా అనిపిస్తుంది. అది నిజానికి కరువు.

ఉత్తరాన పరిస్థితి దీనికి తలకిందులు. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, కాన్‌బెర్రా ప్రాంతాల కోలాలను 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. అక్కడ అడవి నరికివేత, క్లామిడియా అనే అంటువ్యాధి, కుక్కలు, కార్లు కలిసి పనిచేస్తున్నాయి. ఒకే దేశంలో ఒకచోట పిల్లలు పుట్టకుండా ఆడ కోలాలకు గర్భనిరోధక ఇంప్లాంట్లు పెడుతున్నారు, ఇంకోచోట ఒక్కో కోలా కోసం ఆసుపత్రులు నడుపుతున్నారు. "కోలాలు ఎక్కువయ్యాయా, తగ్గాయా?" అన్న ప్రశ్నకు ఊరి పేరు చెప్పకుండా జవాబు ఉండదు.

అలాగని తెచ్చి వదిలిన చోట్లకు వెళ్ళొద్దని చెప్పలేను. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు రేమండ్ ఐలండ్‌ను మించిన చోటు లేదు. మెల్‌బోర్న్ నుంచి 300 కిలోమీటర్లు, పేన్స్‌విల్‌లో కారు ఆపి ఫెర్రీ ఎక్కితే నడిచి వెళ్ళేవాళ్ళకు టికెట్ లేదు, కొన్ని నిమిషాల్లో అవతలి ఒడ్డు. నేల సమంగా ఉంటుంది, కోలా బాట ఒకటింపావు కిలోమీటరు లోపే. క్వీన్స్‌లాండ్‌లో టౌన్స్‌విల్ దగ్గరి మాగ్నెటిక్ ఐలండ్ కోలాలు కూడా 1930లలో తెచ్చి వదిలినవే. అక్కడి ఫోర్ట్స్ వాక్ రానూపోనూ 4 కిలోమీటర్లు, రెండు గంటలు. ఎక్కుడు ఉంది, నీడ తక్కువ, కాబట్టి ఎండ ముదరకముందే మొదలుపెట్టాలి, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్ళు ఉండాలి.

దూరం, శబ్దం, నీళ్ళు

కనబడ్డాక ఏం చేయాలన్న దాంట్లో మనవాళ్ళు కాస్త మారాలి. చప్పట్లు కొట్టడం, ఈల వేయడం, "ఇటు చూడు" అని కేకేయడం, మాను తట్టడం, ఇవన్నీ మొహం ఇటు తిప్పుతుందన్న ఆశతో చేసేవే. జూలో ఉన్న కోలాల మీద చేసిన పరిశోధనలోనే, జనం దగ్గరగా చేరి గోల చేసేకొద్దీ అవి మేలుకుని పరికిస్తూ గడిపే సమయం పెరిగిందని తేలింది. రోజుకు నాలుగైదు గంటలే మేలుకోగల జంతువుకు ఆ ఖర్చు చిన్నది కాదు. నిద్రలో ఉన్నది కళ్ళు తెరిచి మీవైపే చూస్తూ చెవులు ముందుకు పెట్టిందంటే దగ్గరికొచ్చేశారని. పై కొమ్మకు జరిగిందంటే మరీ దగ్గరికని. ఫ్లాష్, డ్రోన్ వద్దు. గుంపుగా చెట్టును చుట్టుముట్టకుండా అందరూ ఒకే పక్క నిలబడాలి. యూకలిప్టస్ కొమ్మలు గాలి లేకపోయినా విరిగిపడతాయి కాబట్టి కింద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం మీకూ మంచిది కాదు. వేసవిలో గడ్డిలో పాములుంటాయి, చెప్పులతో వెళ్ళొద్దు.

నీళ్ళు తాగించే వీడియోలు 2019-20 కార్చిచ్చుల తర్వాత ప్రపంచమంతా తిరిగాయి. సీసా పెట్టి నోట్లో పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి కోలా చచ్చిపోయే ప్రమాదముంది. దప్పికతో కిందికొచ్చిన దానికి వెడల్పాటి గిన్నెలో నీళ్ళు నేలమీద పెట్టి దూరం జరగాలి. అసలు కోలా నీళ్ళకోసం మనిషి దగ్గరికి వచ్చిందంటే దాని ఆరోగ్యం బాగోలేదనే అనుకోవాలి. పగలంతా చెట్టు మొదట్లో కూర్చుని ఉండడం, కళ్ళు ఎర్రగా ఊసులు కట్టడం, పిరుదులు తడిసి గోధుమరంగు మరకపడడం క్లామిడియా గుర్తులు. ముట్టుకోకుండా, చోటును మ్యాప్‌లో గుర్తుపెట్టుకుని, విక్టోరియాలో అయితే వైల్డ్‌లైఫ్ విక్టోరియాకు, న్యూ సౌత్ వేల్స్‌లో అయితే వైర్స్ అనే వన్యప్రాణి సహాయ సంస్థకు ఫోన్ చేయాలి. సాయంత్రం పూట నేలమీద నడిచి ఇంకో చెట్టుకు పోతున్నది మాత్రం ఆరోగ్యంగా ఉన్నట్టే, దానికి దారి వదలండి. అందుకే పొద్దుగూకాక కోలా బోర్డులున్న రోడ్ల మీద వేగం తగ్గించాలి.

జూకు వెళ్తే తప్పా?

"అడవిలో బూడిదరంగు ముద్దొకటి చూడడానికి నాలుగు గంటల డ్రైవింగా? జూలో మొహం దగ్గరగా కనబడుతుంది కదా" అనే వాదన నిజాయితీగల వాదనే. చిన్నపిల్లలకు అదే బాగుంటుంది కూడా. మంచి సంస్థల్లో టికెట్ డబ్బు చికిత్సకూ పరిశోధనకూ పోతుంది. యాత్రికులు రాకపోతే ఆ అడవి కాపాడమని అడిగే గొంతులు తగ్గుతాయన్నదీ నిజమే. ఇన్ని ఒప్పుకున్నాక కూడా ఒక్కటి మిగులుతుంది. జూ కోలాకు ఆకు ఉద్యోగులు తెచ్చిపెడతారు. ఏ చెట్టో, ఏ నేలో, ఎంత దూరంలో ఇంకో చెట్టో అన్న సమస్య అక్కడ ఉండదు. కోలా జీవితమంతా ఆ సమస్యే. అది కనబడనిచోట జంతువును చూశామనడం నాకు సగమే అనిపిస్తుంది. రెండిటికీ మధ్య దారి కావాలంటే ఫిలిప్ ఐలండ్‌లోని కోలా రిజర్వ్ ఉంది. సహజమైన చెట్లు, కొమ్మల ఎత్తులో చెక్కబాటలు. సాయంత్రం పెంగ్విన్‌లకోసం ఆ ద్వీపానికి ఎలాగూ వెళ్తారు, మధ్యాహ్నమే బయల్దేరితే సరిపోతుంది.

విక్టోరియా తీరం వెంబడి సాగే గ్రేట్ ఓషన్ రోడ్ వెళ్ళేవాళ్ళు ఒక్కరోజులో పన్నెండు అపోస్టల్స్ శిలలూ కోలాలూ రెండూ కావాలనుకుంటే రెండోది తూతూమంత్రం అవుతుంది. కెనెట్ రివర్ దగ్గర బస్సులు కాసేపు ఆగుతాయి, నలభైమంది ఒకేసారి దిగి పైకి చూస్తూ వెనక్కి నడుచుకుంటూ రోడ్డుమీదికి వచ్చేస్తారు. అక్కడే గానీ అపోలో బేలో గానీ రాత్రి ఉండి, తెల్లవారగానే గ్రే రివర్ రోడ్ ఎక్కుడులో ఒక కిలోమీటరు నడిస్తే అదే చోటు ఖాళీగా ఉంటుంది.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్, వెర్రిబీల్లో వేల తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్ళలో చాలామంది ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు కోలా చూపించడానికి నగరం దాటి అటువైపు పోతారు. ఇటు అరగంట, ముప్పావుగంట దూరంలోనే యూ యాంగ్స్ అనే గుట్టల పార్కు ఉంది. అక్కడి కోలాలను ఏళ్ళ తరబడి ముక్కుమీది మచ్చలను బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, పేర్లు పెట్టి నమోదు చేస్తున్నారు. రేమండ్ ఐలండ్‌లో కనబడినంత సులువుగా కనబడవు. రివర్ రెడ్ గమ్‌లున్న చోట్ల నేలచూపుతో మొదలుపెట్టండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు గైడుతో వెళ్తే చెట్లు తెలుస్తాయి, రెండోసారి మీరే పెద్దవాళ్ళను తీసుకెళ్ళగలరు. కనబడితే ఆ చెట్టు లొకేషన్ ఫేస్‌బుక్‌లో పెట్టకుండా ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ నడుపుతున్న జాతీయ కోలా పర్యవేక్షణ కార్యక్రమానికి పంపండి. అక్కడ పదేపదే వెతికినా దొరకకపోతే ఆ సంగతీ పంపొచ్చు. ఎక్కడ లేవో తెలియడం కూడా లెక్కలు కట్టేవాళ్ళకు అవసరమే.